రెండు ఎడమలు

బ్రహ్మచారి అద్దాన్ని ఇటుక మీద నిలబెట్టి, వెనక్కి పడిపోకుండా దానికి ఫెవికాల్ డబ్బా ఆనించాడు. అద్దం రహమాన్‌ది. మధ్యాహ్నం నమాజుకు పోయే ముందు షెడ్డు వెనక కుళాయి దగ్గర ముఖం కడుక్కుని గడ్డం దువ్వుకునే అద్దం, ఓ మూల పగిలింది కూడాను. ఇవాళ దానికి వేరే పని పడింది. దాని ఎదురుగా బల్ల మీద మనిషంత పొడవున చెక్క అచ్చు ఉంది. అది విమానం ఎడమ సగం. అద్దంలో కనిపిస్తున్నది కుడి సగం. అద్దాన్ని జానెడు జానెడు జరుపుకుంటూ, అందులో కనబడ్డ ఒంపును కనబడ్డట్టే పక్కనున్న మామిడి దిమ్మ మీదికి దించాలి. మొన్నటి నుంచీ ఇదే పని. సాయంత్రానికి అయిపోవాలి.

ఉలి అందుకున్నాడు. ఎడమ చెయ్యి భుజం దగ్గర్నుంచి మోచేతి దాకా గుంజుతోంది. పొద్దున లేచేటప్పటికే గుంజుతోంది. రాత్రి దాని మీద పడుకున్నాను కాబోలు అనుకున్నాడు. రాత్రంతా పడుకున్నది కుడి పక్కకు తిరిగి అని గుర్తొచ్చినా అలా అనుకోవడం మానలేదు.

ఈ షెడ్డులో జరిగే పని బ్రహ్మవిద్యేమీ కాదు. ముందు చెక్కతో అచ్చు చెక్కాలి. అది బ్రహ్మచారి వంతు. తర్వాత ప్లాస్టిక్ షీటును హీటర్ల కింద పెట్టి, అది మెత్తబడి తడి దుప్పటిలా కిందికి జారేదాకా కనిపెట్టుకుని ఉండి, అచ్చు మీదికి దించి, కింది నుంచి గాలి లాగెయ్యాలి. షీటు చెక్కను కరుచుకుపోతుంది. చల్లారాక ఊడదీస్తే అచ్చు ఎలా ఉందో షీటు అలా తయారవుతుంది. అది రహమాన్ వంతు. మిఠాయి డబ్బాల్లో లడ్డూలు దొర్లకుండా కూర్చునే గుంటల పళ్లేలు, దుకాణాల మీద ఉబ్బెత్తు అక్షరాల బోర్డులు, కార్ఖానా బస్తీలో ఈ సందు చివరి షెడ్డులో ఇన్నేళ్లుగా తయారవుతున్నవి ఇవే. ఒక్క అచ్చు చెక్కితే చాలు, వేల పళ్లేలు. లడ్డూకు కుడి ఎడమలు ఉండవు కదా!

అక్కడే కొంప మునిగింది.

ఆర్మీ, ఎయిర్‌ఫోర్సు పరీక్షలకు కోచింగ్ ఇచ్చే అకాడమీ ఒకటి కొత్తగా పెడుతున్నారు. వాళ్ల హాల్లో పైకప్పుకు వేలాడదీయడానికి సైన్యం సామాన్లు మోసే విమానం బొమ్మ కావాలన్నారు. ట్రక్కుల్నీ మనుషుల్నీ పొట్టలో వేసుకుని ఎగిరే రకం. వీపు మీద రెక్కలు, నేలకు ఆనేట్టు చూడి గేదె పొట్ట, వెనకాల తలుపు తెరుచుకోవడానికి పైకి లేచిన తోక. సేటు ఓంప్రకాశ్ ఫొటో చూపించి, "రెండు సగాలు తీసి అతికిస్తె ఐపాయె. ఒక్క అచ్చు కొట్టు చారీ, రెండు తియ్యి" అన్నాడు. బ్రహ్మచారి తలూపాడు. రహమాన్ తలూపాడు. ముగ్గురూ పళ్లేలు చూసి చూసి ఉన్నవాళ్లే. బ్రహ్మచారి అచ్చు చెక్కాడు, రహమాన్ దాని మీద రెండు తీశాడు, బ్రహ్మచారి చెవి మీది పెన్సిలు తీసి ఒకదాని లోపల 'ఎడమ' అనీ రెండోదాని లోపల 'కుడి' అనీ పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. తీరా రెండూ ఎదురెదురుగా పెట్టి కలపబోతే ముక్కుకు తోక తగిలింది. ముక్కులు కలిపితే ఒకదాని వీపు పక్కకు ఇంకోదాని పొట్ట వచ్చింది. తిప్పారు, మళ్లీ తిప్పారు. రెండూ ఎడమలే.

"యా అల్లా! చారీ భాయ్, ఇది ఎగురుడు కాదు, గానుగెద్దు లెక్క తిరుగుతది" అని రహమాన్ పగలబడి నవ్వాడు. బ్రహ్మచారికీ నవ్వొచ్చింది. రెక్కల్ని పై చిప్ప, కింది చిప్ప అని వేరువేరుగా తీశారు కాబట్టి అవి బతికిపోయాయి, అది కూడా అదృష్టం కొద్దీ. కడుపు పట్టుకుని నవ్వుతుండగానే ఓంప్రకాశ్ వచ్చాడు. ఆయనకు నవ్వు రాలేదు.

"ఎడమేందో కుడేందో తెల్వని మనిషినా నేను ఇన్నేండ్ల సంది పెట్టుకున్నది?" అన్నాడు. ఒక్క అచ్చు చాలని చెప్పింది తమరే అని గుర్తు చేసే ధైర్యం ఆ షెడ్డులో ఎవరికుంది? "చెర్లపల్లిల కంప్యూటర్ మిషిన్లు వచ్చినయ్. ఫొటో పెడితె అచ్చు చెక్కి ఇస్తయ్. తప్పు పోవు. నీ మొఖం చూసి ఆగుతున్న. గురువారం సాయంత్రానికల్ల కుడి ముక్క పడాలె. పడితె నీ బల్ల ఉంటది. లేకుంటె ఆ జాగల నేను మిషిని పెట్టుకుంట. ఇగ నీ ఇష్టం."

ఇవాళే గురువారం.

బల్ల అంటే ఏదో నాలుగు కాళ్ల చెక్క అనుకునేరు. చిలకలగూడలో ఓ పాత ఇల్లు పడగొడుతుంటే దాని సింహద్వారం చౌకట్లు తెచ్చి బ్రహ్మచారి స్వయంగా చేసుకున్న టేకు బల్ల అది. ఆ చౌకట్లు ఒకప్పుడు వాళ్ల నాన్న చెక్కినవే. తలుపులు చెక్కే కుటుంబం వాళ్లది. రెడీమేడ్ తలుపులు వచ్చాక ఆ పని పోయింది, ఉలి మిగిలింది. ఉలితో పాటే ఈ షెడ్డులో చేరాడు. బల్ల అంచు నిండా రంపపు గాట్లు, జిగురు మరకలు, మేకుల గుంటలు. దాని ఎదుట నిలబడితే బ్రహ్మచారి తనకంటూ ఓ లెక్క ఉన్న మనిషి. ఇంట్లో అంత జాగా లేదు. రెండు గదుల్లో ఒకటి నిండా భార్య కల్పలత పీకో మిషను, పక్కన ఫాల్స్ కుట్టాల్సిన ఊరందరి చీరలు. వాటి మధ్య మోకాళ్లు ముడుచుకుని అన్నం తినేవాడు, చీరకు పులుసు మరక పడుతుందేమోనని భయపడుతూ. పిల్లలు లేరు. పెళ్లయ్యాక కూడా ఆ పేరుతోనే పిలిపించుకుంటున్నందుకు వీధిలో అతని మీద పేలని జోకు లేదు. షెడ్డులో మాత్రం చారీ, చారీ భాయ్. బల్ల పోతే ఆ చీరల మధ్య రోజంతా కూర్చోవాలి. ఆ సంగతి తలుచుకుంటేనే అతనికి ఊపిరాడదు.

పొద్దున కల్పలత చెంబుతో నీళ్లిస్తూ ముఖం చూసింది. "ఏందయ్యా, గట్ల చెమట పోస్తున్నది? ఇయ్యాల పని బందు వెట్టు. దవాఖానకు పోయి చూపిచ్చుకుందాం."

"రేపు పోదాం తియ్యి. ఇయ్యాల ఒక్క రోజు" అన్నాడు.

"ఎప్పుడు చూసినా ఇయ్యాల ఒక్క రోజే" అని ఆమె మిషను మీద కూర్చుంది.

ఇప్పుడు అద్దంలోకి వంగినప్పుడల్లా విమానం పక్కన తన ముఖం కూడా కనబడుతోంది. ముఖం మీద రంపపు పొట్టు, పొట్టు మీద చెమట గీతలు. ఇదెవడ్రా ముసలోడు అనిపించింది. ముఖం కనబడకుండా అద్దాన్ని కొంచెం వంచాడు. తోక దగ్గర ఒంపు కష్టంగా ఉంది. వెనక్కి పోయే కొద్దీ పొట్ట సన్నబడుతూ పైకి లేస్తుంది, లేస్తూనే పక్కకు తిరుగుతుంది. చెయ్యి మొదటి అచ్చు చెక్కిన అలవాటు కొద్దీ ఎడమ సగం వైపే పోతోంది. కన్ను ఒకటి చెబుతుంటే చెయ్యి ఇంకోటి చేస్తోంది. అట్టముక్కల కొలతలు తిరగేసి పెట్టి చూసుకున్నాడు, ఆకురాయితో రుద్దాడు, మళ్లీ పెట్టి చూశాడు. కూర్చుని చేద్దామని స్టూలు లాక్కుంటే కాలి కింద నేల మీద సుద్దగీత కనబడింది. బల్ల చుట్టూ ఎవరో గీశారు, నాలుగు వైపులా, మూలల్లో చిన్న అడ్డగీతలతో. కరెంటాయన గీసి ఉంటాడు, కొత్త వైరింగు అని అంటున్నారుగా అనుకున్నాడు. రాలిన చెక్కపేళ్లు దాని మీద పడి గీత మూసుకుపోయింది.

రహమాన్ సోడా పట్టుకొచ్చాడు. ఇద్దరూ ఒక ఏడు అటూ ఇటూగా ఈ షెడ్డులో చేరినవాళ్లు. రహమాన్ చేతుల మీద హీటర్ కాలిన మచ్చలు, బ్రహ్మచారి చేతుల మీద ఉలి దిగిన మచ్చలు.

"తాగు భాయ్. మొఖం జెర చూస్కున్నవా? సున్నం లెక్క ఐంది."

"గ్యాస్ అది. పొద్దుగాల ఉప్మా తిన్న."

"గ్యాస్ అయితె చెయ్యెందుకు పిసుక్కుంటున్నవ్?"

"నీకెందుకు పరేషాన్? నువ్వు పోయి హీటర్ చూస్కో."

రహమాన్ పోలేదు. బల్ల అంచు మీద వేలితో రాస్తూ నిలబడ్డాడు. "చారీ భాయ్, ఒక మాట చెప్పాల్నని..."

"సాయంత్రం చెప్పు. ఇప్పుడు తోక కాడ ఉన్న."

రహమాన్ నోరు తెరిచాడు. బయట ఓంప్రకాశ్ కారు హారన్ వినబడింది. నోరు మూసుకుని, గేటు తీయడానికి వెళ్లిపోయాడు. మళ్లీ భోజనాల దగ్గర ఓసారి "భాయ్" అన్నాడు, అని ఊరుకున్నాడు. బ్రహ్మచారి టిఫిన్ డబ్బాలో రెండు ముద్దలు తిని మూత పెట్టేశాడు. దవడ కూడా లాగుతోంది. పన్ను పోటేమో, ఈ వయసులో ఏ పన్ను ఎప్పుడు మొరాయిస్తుందో ఎవడికి తెలుసు అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

ఎండ వాలేసరికి అచ్చు తయారైంది. గరుకు కాగితంతో రుద్ది రుద్ది, ముఖానికి రాసుకునే పౌడర్ చల్లి, చేత్తో నున్నగా పులిమాడు. పౌడర్ లేకపోతే షీటు అచ్చును పట్టుకుని వదలదు. మల్లెపూల వాసన గుప్పుమంది. ఇద్దరూ కలిసి అచ్చును మోసుకెళ్లి మిషను మీద పెట్టారు. ఆ కాస్త దూరానికే బ్రహ్మచారికి ఆయాసం వచ్చి గోడ పట్టుకున్నాడు.

హీటరు కడ్డీలు ఎర్రబడ్డాయి. తెల్ల షీటు ముందు ముడతలు పడింది, తర్వాత బిగుసుకుంది, తర్వాత మెల్లిగా మధ్యలో జారింది. రహమాన్ కన్నార్పకుండా చూస్తున్నాడు. తొందరపడితే సగమే పట్టుకుంటుంది, ఆలస్యమైతే చిల్లు పడుతుంది. "బిస్మిల్లా" అని దించి, గాలి మీట లాగాడు. షెడ్డంతా అదిరేలా ధబ్బుమని శబ్దం వచ్చింది. తోక దగ్గర షీటు మడత పడింది. మొదటిది చెడిపోయింది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. బ్రహ్మచారి అచ్చు మీదికి వంగి, మడత పడ్డ చోట గాలి పోవడానికి సన్నని బెజ్జాలు వేశాడు. మళ్లీ పౌడర్. మళ్లీ షీటు. ఈసారి శబ్దం వేరేగా వచ్చింది, నిండుగా. చల్లారేదాకా రహమాన్ తడిగుడ్డతో విసిరాడు. అంచులు కోసి, అంతకుముందే సిద్ధంగా ఉన్న ఎడమ సగం పక్కకు తెచ్చి ఆనించారు.

ముక్కుకు ముక్కు, వీపుకు వీపు, తోకకు తోక. అతికింది.

బ్రహ్మచారి అతుకు వెంట గోరు పెట్టి ముక్కు నుంచి తోక దాకా లాగాడు. ఎక్కడా గోరు తట్టలేదు. అతనికి ఎంత సంతోషం వేసిందంటే చెయ్యి నొప్పి మరిచిపోయాడు. ఇన్నేళ్లలో లడ్డూ పళ్లేలు తీసి ఎప్పుడైనా ఇలా అనిపించిందా? నాన్న తలుపు బిగించి, రెక్క మూసి, సందులోంచి వెలుతురు రావడం లేదని చూసుకుని నవ్వేవాడు. ఆ నవ్వే ఇప్పుడు తన ముఖం మీద ఉందని అతనికి తెలుసు. ఫోన్ తీసి కల్పలతకు చేశాడు.

"అయిపోయిందే. పడ్డది. బల్ల పోదిగ."

"ఏం బల్లనో ఏమో. చెయ్యి ఎట్లున్నది?"

"ఏ చెయ్యి?" అని నవ్వాడు.

"వచ్చేటప్పుడు కొత్తిమీర తీస్కరా. పచ్చి పులుసు చేస్త" అంది ఆమె, మిషను ఆపకుండానే.

రహమాన్ లోపలి నుంచి అతుకు బిగించి, రెక్కలు కూర్చి, బూడిద రంగు కొట్టాడు. రంగు ఆరే లోపల మేఘం పట్టింది. అకాడమీ యజమాని యుగంధర్ ట్రాలీ ఆటో వేసుకుని వచ్చాడు. ఇంకా నలభై దాటని మనిషి, మెళ్లో ఏదో ఐడీ కార్డు. విమానం చుట్టూ తిరిగి, ముక్కు పక్కన ముఖం పెట్టి ఫొటోలు తీసుకున్నాడు.

"సూపర్ ఉంది సేట్. ఎవరు చేసిన్రు?"

"మా టీమ్ సార్" అన్నాడు ఓంప్రకాశ్. టీమ్ గోడకు ఆనుకుని చెమట తుడుచుకుంటోంది. "ఇది చేత్తో చేసినం కాబట్టి లేట్ ఐంది. ఇగ మీకు ఏది కావాలన్నా రెండు రోజులే. సోమవారం నాడు కంప్యూటర్ మిషిని దిగుతున్నది. అగో, ఆ బల్ల ఉన్న జాగలనే. మొత్తం డిజిటల్."

బ్రహ్మచారి విన్నాడు. సరిగ్గా విన్నానా అని రహమాన్ వైపు చూశాడు. రహమాన్ తల దించుకున్నాడు. విమానాన్ని ట్రాలీ మీద తాళ్లతో కట్టారు, బ్రహ్మచారి కూడా ఓ తాడు పట్టాడు. ఆటో సందు మలుపు తిరిగాక అడిగాడు.

"సేట్, బల్ల ఉంటదన్నరు."

ఓంప్రకాశ్ జేబులో చెయ్యి పెట్టుకుని కారు తాళాలు వెతుక్కున్నాడు. చెడ్డవాడేం కాదు, అతని ముఖంలో కాస్త ఇబ్బంది కూడా కనిపించింది. "అరె చారీ, మిషినికి అడ్వాన్స్ పోయిన నెలలనే ఇచ్చిన. గది నీకు చెప్తె నువ్వు మనసు పెట్టి చేస్తవా, చెప్పు? ఈ ఆర్డర్ ఆగుతుండె. మస్తు చేసినవ్. ఇగ ఇంటికాడ రెస్ట్ తీస్కో. ఎన్నేండ్లు చెక్కుతవ్?"

"పొద్దుగాల చెప్తే అయిపోతుండె గద సేట్" అన్నాడు బ్రహ్మచారి. గొంతు పెంచలేదు. "ఇంటికాన్నే ఉండేటోన్ని. దవాఖానకన్న పోయేటోన్ని."

"దవాఖాన ఎందుకు? ఏమైంది?"

"ఏం లేదు. గ్యాస్."

కారు వెళ్లిపోయింది. మొదటి చినుకులు రేకుల మీద టపటపమన్నాయి. బ్రహ్మచారి చీపురు తీసుకుని బల్ల కింద పేళ్లు ఊడవడం మొదలుపెట్టాడు. పేళ్లు తొలగగానే సుద్దగీత మళ్లీ బయటపడింది, నాలుగు వైపులా, చక్కగా. అతను చీపురు పట్టుకుని దాన్ని చూస్తూ నిలబడ్డాడు.

"నాకు తెల్సు భాయ్" అన్నాడు రహమాన్ వెనక నుంచి. "ఆదివారం మిషిని జాగకు కొలతలు తీస్కున్నప్పుడు టేపు పట్టింది నేనే. రెండో కొస నా చేతులనే ఉండె. చెప్దామంటె నోరు రాలే. సేట్ చెప్పొద్దన్నడు."

బ్రహ్మచారికి కోపం వచ్చింది. వచ్చి, ఎక్కడా నిలవడానికి చోటు దొరకనట్టు పోయింది. "పట్టకపోతె నిన్ను సుత పంపిస్తుండె" అన్నాడు. "ఇద్దరం ఇండ్లల్ల కూసుని ఏం చేస్తం? పో, చాయ్ తీస్కరా. రెండు. నీ పైసలే."

రహమాన్ తలకు ప్లాస్టిక్ కవరు చుట్టుకుని వానలోకి పరిగెత్తాడు. బ్రహ్మచారి స్టూలు మీద కూర్చున్నాడు. ఉలి తుడిచి, దాని చోట దాన్ని పెట్టాడు. అద్దం ఇంకా ఇటుక మీదే ఉంది. రహమాన్‌కు తిరిగి ఇచ్చేయాలి అనుకున్నాడు. కొత్తిమీర గుర్తొచ్చింది. వానలో కొత్తిమీర ఎవరు అమ్ముతారు? చెయ్యి మళ్లీ మొదలైంది, ఈసారి చెయ్యితో ఆగలేదు. ఓ నిమిషం తల ఆనిద్దామని బల్ల మీద చెంప పెట్టాడు. టేకు చల్లగా ఉంది.

రహమాన్ రెండు గ్లాసులతో వచ్చి, "లే భాయ్, వేడిగున్నది" అన్నాడు. ఒక గ్లాసు బల్ల మీద పెట్టాడు. పాపం, అలిసిపోయి నిద్రపోయాడు, లేపడమెందుకు అనుకుని తన చాయ్ ఊదుకుంటూ ఎదురుగా నిలబడ్డాడు. సగం తాగాక చూశాడు. బ్రహ్మచారి ముక్కు దగ్గర బల్ల మీద పల్చగా రంపపు పొట్టు ఉంది. అది కదలడం లేదు.

మర్నాడు చిలకలగూడలోని బ్రహ్మచారి ఇంటికి ఓంప్రకాశ్ పూలదండతో వచ్చాడు. "మా ఇంటి మనిషే పోయిండు" అన్నాడు, కళ్లు కూడా తుడుచుకున్నాడు. కల్పలత ఆయన వైపు చూడలేదు. "ఇయ్యాల ఒక్క రోజన్నడు, ఇయ్యాల ఒక్క రోజన్నడు" అని అదే మాట అంటూ కూర్చుంది. రహమాన్ ఆ ఇంటి లోపలికి రాలేకపోయాడు. సందు మొదట్లో కరెంటు స్తంభం పక్కన నిలబడి, అక్కడి నుంచే పాడె వెంట నడిచాడు.

సోమవారం మిషను దిగింది. దానికి ముందే బల్లను పాత సామాన్లవాడు రెండు ముక్కలు చేయించి తీసుకుపోయాడు, తలుపులో ఇమడలేదని. రెండు అచ్చులూ పక్క సందు హోటల్ పొయ్యిలోకి వెళ్లాయి. మామిడి చెక్క బాగా మండుతుంది. అకాడమీలో విమానం పైకప్పుకు వేలాడింది, దాని కింద కుర్రాళ్లు వరసల్లో కూర్చుని లెక్కలు చేసుకుంటున్నారు.

ఎవరికీ పనికిరాక మిగిలింది ఆ మొదటి తప్పు ముక్క, రెండో ఎడమ. రంగు పడనిది, మనిషంత పొడవుది. పాత సామాన్లవాడు కూడా వద్దన్నాడు. రహమాన్ దాన్ని షెడ్డు వెనక కుళాయి దగ్గర వెల్లకిలా పడేశాడు. ఆ రాత్రి కురిసిన వానకు నీళ్లు నిండాయి. పొద్దున సందులో మేక ఒకటి వచ్చి మూతి పెట్టి తాగిపోయింది. నీళ్లు తేరుకున్నాక, అడుగున పెన్సిలుతో రాసిన 'కుడి' ఇంకా స్పష్టంగా కనిపిస్తూనే ఉంది.